అడిగింది అది కాదండీ

బ్రిటిష్ మంత్రులు టీవీలో నీళ్ళు నములుతుంటే చూడడాన్ని మించిన వినోదం మా ఆంటీకి ఈ భూమ్మీద లేదు. ఆంటీ అంటే నాకు చుట్టమేమీ కాదు. ఈ ద్వీపదేశంలో, క్లెమెంటి అనే పేటలో నేను అద్దెకుండే గది ఆవిడ ఫ్లాటులోది. నేను ఒంగోలు నుంచి ఇక్కడి యూనివర్సిటీకి బ్యాటరీల మీద పరిశోధన చేయడానికి వచ్చినదాన్ని. ఆవిడ తాత తెల్లదొరల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా తోటల్లో పనికి వచ్చినవాడు. ఆవిడ ఇక్కడే పుట్టింది, శ్రీకాకుళం ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ మాట విన్నవాళ్ళెవరూ ఆ సంగతి నమ్మరు. మధ్యమధ్య తమిళం, మలయ్ ముక్కలు పడుతుంటాయి, అంతే తేడా.

లండన్‌లో ఆదివారం పొద్దున వచ్చే రాజకీయ ఇంటర్వ్యూ మాకు సాయంత్రం టీ వేళకి వస్తుంది. అవి అక్కడి పాలక పార్టీలో ముసలం పుట్టిన రోజులు. ఒక మంత్రి రాజీనామా చేశాడని చెప్పుకునేలోపు ఇంకొకాయన చేసేవాడు. వారం వారం ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చుని, పార్టీలో అంతా బ్రహ్మాండంగా ఉందని చెప్పాలి. ఎదురుగా యాంకరమ్మ కాగితాలు సర్దుకుని, చిన్న చిరునవ్వు నవ్వి, ఒకే ప్రశ్న పదే పదే అడిగేది. ఆంటీ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని సోఫా అంచుకి జరిగేది.

"అడిగిందేటి, నువ్వు సెప్పిందేటి?" అని టీవీని గద్దించేది.

నాకు మొదట్లో ఇది వింతగా ఉండేది. మన ఊళ్ళో రాజకీయాలు ఏమయ్యాయో తెలీదు, ఇక్కడి రాజకీయాలూ పట్టవు, ఎక్కడో లండన్ వాళ్ళ తగాదాతో ఈవిడకేం పని? ఒకరోజు అడిగేశాను.

"మా అయ్య దొరల నేవల్ బేసులో పన్సేసేవోడమ్మా. దొర అడిగితే సేతులు కట్టుకుని సెప్పాల. ఎందుకు ఆలీసమైంది, ఎందుకు ఇరిగింది, ఎవుడు తీసినాడు, అన్నీ దొరే అడుగుతాడు. దొరని ఎవులైనా అడిగినారా? అడగనేదు. ఇప్పుడు సూడు, ఆ దొర మనవడు కుర్చీలో కూకున్నాడు. మెడకాడ సెమట సూడు." ఒక గుక్క కాఫీ తాగి, "మా అయ్య సూడాల్సింది," అంది.

ఆవిడకి ఇంకే లోటూ లేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మనవరాలు. కొడుకు కుటుంబం చోవా చూ కాంగ్ అనే ఇంకో పేటలో ఉంటుంది. మనవరాలు సెకండరీ స్కూల్లో చేరింది. తెలివైన పిల్ల, గడుసుపిల్ల. ఇక్కడి బళ్ళలో మనవాళ్ళ పిల్లలు రెండో భాషగా తమిళమో హిందీయో చదువుతారు, తెలుగుకి ఆ చోటు లేదు. ఆంటీ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, ఒకటే అడుగుతుంది.

"తిన్నావటే?"

"ఏట్ ఆల్రెడీ."

"బడి బాగయిందా?"

"ఓకే లా."

ఇక అంతే. 'ఆల్రెడీ' అన్నాక అడగడానికి ఏం మిగులుతుంది? తలుపు వేసేసినట్టే. పిల్ల నిజంగా తిన్నదో లేదో కూడా ఆ మాటలో తెలియదు. ఆంటీ ఫోన్ పెట్టేసి కాసేపు దానికేసే చూస్తుండేది.

"నా పెశ్నకి నా బాసలో ఒక్క జవాబు సాలమ్మా," అంది ఒకసారి నాతో. "పెద్ద జవాబు అక్కర్నేదు. నాను పోయేలోగా ఒక్కటి."

నేను మెత్తబడ్డాను. ఆ మెత్తదనంలోనే ఆవిడ నన్ను పట్టేసింది. చోవా చూ కాంగ్‌లో మన కుటుంబాల చిన్న సంఘం ఒకటుంది, దానికి ఒక బ్లాకు కింద గది ఉంది, ఆదివారం అక్కడ తెలుగు క్లాసు పెట్టాలనుకుంటున్నారు, పంతులమ్మ లేదు. "సదువుకున్న పిల్లవి, ఆదివారం సుమ్మా పడుకోడమేటి?" అంది. సుమ్మా అంటే ఊరికే అని, తమిళం. నేను సరేననేశాను. మనవరాలు కూడా వస్తుందని ఆవిడ ఎత్తు. వాళ్ళమ్మ చేత బలవంతంగా పంపించింది.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. నాకు కోపం ముక్కు మీదుంటుంది. బ్యాటరీలతో ఫరవాలేదు, అవి ఎదురు చెప్పవు. పిల్లలు కూడా ఎదురు చెప్పేవాళ్ళు కాదు, అదే బాధ. అసలేమీ చెప్పేవాళ్ళు కాదు. నేను 'అమ్మ, ఆవు' అంటూ బోర్డు మీద బొమ్మలు వేస్తుంటే అరచేయి గడ్డానికి ఆనించి కిటికీలోంచి బయట పిల్లుల్ని చూసేవాళ్ళు. మనవరాలు వెనక వరసలో కూర్చుని, "మమ్మీ మేడ్ మి కమ్," అని మొదటిరోజే ప్రకటించింది. వారం వారం కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి.

ఇంకో చిక్కు, టీవీ. ఆ గదిలో గోడకి పెద్ద టీవీ ఉంది. మా క్లాసు వేళా ఆంటీ ఇంటర్వ్యూ వేళా ఒకటే. ఆవిడ నాతోపాటు రైలెక్కి వచ్చేది. రాగానే టీవీకి ఎదురుగా ఉన్న కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పడేసి దాన్ని చోప్ చేసేది, అంటే ఇది నాదని జెండా పాతేది. మనవరాలినీ వదలదు, మంత్రినీ వదలదు. చివరికి రాజీకొచ్చాం. టీవీ ఆన్‌లో ఉంటుంది, శబ్దం మాత్రం ఉండదు. "శబ్దమెందుకమ్మా, మొకం సాలు," అంది ఆవిడ.

పిల్లలకి బోర్డు వదిలేసి అటు చూడడానికి ఇదొక సాకు అయింది. ఒక ఆదివారం నేను గుణింతం రాసి వెనక్కి తిరిగితే ఒక్క కన్ను నా మీద లేదు. టీవీలో ఒక మంత్రి కాలరు సర్దుకుంటున్నాడు. యాంకరమ్మ తల కొంచెం పక్కకి వంచి ఏదో అడుగుతోంది.

"వై ఈజ్ దట్ అంకుల్ సో స్కేర్డ్?" అన్నాడు ముందు వరసలో ఒక పిల్లవాడు.

నాకు ఒళ్ళు మండింది. చాక్‌పీసు బల్ల మీద పడేసి, "సరే, మీరే చెప్పండి. ఆవిడ ఏం అడుగుతోంది? తెలుగులో చెప్పండి. చెప్పేదాకా ఎవరూ ఇంటికి కదలరు," అన్నాను.

టీవీలో యాంకరమ్మ పెదాలు కదులుతున్నాయి. అప్పుడు వెనక వరసలోంచి, మా మనవరాలి గొంతు, అచ్చం వాళ్ళమ్మ గొంతులా, విసుగ్గా, దీర్ఘం తీస్తూ వినపడింది.

"పళ్ళు తోముకున్నావా?"

సరిగ్గా అదే క్షణంలో టీవీలో మంత్రి గుటక మింగి, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

గదంతా నవ్వులతో దద్దరిల్లింది. నవ్వి నవ్వి ఒకడు కుర్చీలోంచి జారిపడ్డాడు. ఆంటీ మోకాలు కొట్టుకుంటూ నవ్వింది. నేను కోపంగా ఉండాలని ప్రయత్నించాను, కుదరలేదు. ఇక చూసుకోండి, నాలుగు మూలల నుంచీ ప్రశ్నలు. "హోంవర్క్ చేశావా?" "ఫోన్ పక్కన పెట్టావా లేదా?" "ఆ సాక్స్ ఎక్కడ పడేశావు?" "ఎందుకంత లేటు?" "ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నీ తెలుగులో, ఎక్కడా తడబాటు లేకుండా. ప్రతి ప్రశ్నకీ పాపం ఆ మంత్రి కనుబొమలు ఎగరేయడమో, చేతులు చాపడమో చేస్తున్నాడు. దేశం ఏమైపోతోందో గానీ, ఆయన సాక్స్ సంగతి మాత్రం తేలలేదు.

ఆరోజు ఇంటికొస్తూ రైల్లో ఆలోచిస్తే నాకు అర్థమైంది. ఈ పిల్లలకి తెలుగు రాదని మనం అనుకుంటున్నాం. వాళ్ళకి కావలసినంత తెలుగు వచ్చు. కాకపోతే అదంతా ప్రశ్నలే. ఇంట్లో అమ్మానాన్నలు సరదాగా మాట్లాడేది ఇంగ్లీషులో, కోపంగా నిలదీసేది తెలుగులో. పుట్టినప్పటి నుంచీ రోజూ వీళ్ళు ముద్దాయి కుర్చీలో కూర్చుని తెలుగులో ప్రశ్నలు వింటున్నారు, ఇంగ్లీషులో జవాబు చెప్పి తప్పించుకుంటున్నారు.

కనుక మరుసటి వారం టీవీలో వాళ్ళకి తెలుగు మాటలు చెప్పే ఆట పెట్టినప్పుడు నాకు ఎదురైన ఇబ్బంది ఊహించదగిందే. అందరికీ యాంకరమ్మ వేషమే కావాలి. మంత్రి వేషం ఎవరికీ వద్దు. బలవంతంగా ఒకణ్ణి కూర్చోబెట్టి, టీవీలో మంత్రి నోరు తెరిచినప్పుడల్లా నువ్వు తెలుగులో చెప్పాలిరా అంటే, వాడు నోరు తెరుస్తాడు, "ఐ థింక్..." అంటాడు, ఆగిపోతాడు. తెలుగులో జవాబు అనేది వాళ్ళ నోట్లో ఎప్పుడూ తయారు కాలేదు. ఎవరూ దానికోసం ఆగింది లేదు కదా.

ఆంటీ టిష్యూ ప్యాకెట్ అక్కడే వదిలేసి లేచి వచ్చింది. కొంగు నడుముకి దోపుకుని మంత్రి కుర్చీలో కూర్చుంది. మనవరాలే యాంకరమ్మ.

"హోంవర్క్ చేశావా?" అంది పిల్ల.

"సేసావా ఏటి? మంత్రినే నువ్వంటావా? సేసారా అండీ అను." ఆంటీ వేలు చూపించింది. "ఎంతైనా అడుగు, ఏదైనా అడుగు. అండీ ఎట్టి అడుగు. అండీ ఎట్టి అడిగితే ఎంత పెద్దోడైనా కూకుని సెప్పాల."

"హోంవర్క్ చేశారా అండీ?"

"శానా మంచి పెశ్న అడిగినావు తల్లీ. హోంవర్కంటే నాకు పేణం. మా అయ్య కాడినుంచీ మాది హోంవర్కు కుటుంబం. నిన్న కూడా దాని పక్కనే కూకున్నాను."

"చేశారా లేదా?"

"సేసేవోళ్ళు సేస్తారు, సెయ్యనోళ్ళు సెయ్యరు. ఇప్పుడు మనం అందరం కలిసి ముందుకు పోవాల."

పిల్లలు పగలబడి నవ్వారు. ఆంటీ టీవీని గద్దించే మాటని అప్పుడే వాళ్ళు పట్టుకున్నారు. కాకపోతే అండీ చేర్చి, అందరూ ఒకే గొంతుతో అన్నారు. "అడిగింది అది కాదండీ!" అప్పటి నుంచీ మా క్లాసులో అదే ఆనవాయితీ అయింది. కుర్చీలో ఉన్నవాడు డొంకతిరుగుడుగా మాట్లాడితే అందరూ ఆ మాట అనాలి. సూటిగా చెప్పేదాకా కుర్చీ దిగనివ్వరు.

జవాబులు నేర్చుకోవడానికి నేనొక హోంవర్క్ ఇచ్చాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరికైనా తెలుగులో తప్పించుకునే జవాబు చెబితే, ఆ మాట ఉన్నదున్నట్టు పట్టుకురండి అన్నాను. ఇచ్చేటప్పుడు ఆలోచించలేదు. మరుసటి వారం వాళ్ళు సంచుల కొద్దీ తెచ్చారు.

"వచ్చేస్తున్నామండీ, దారిలో ఉన్నాం." ఇది తువ్వాలు కట్టుకుని బాత్రూంకి వెళ్తూ ఒక నాన్నగారు అన్న మాట. "అయ్యో, మీ మెసేజ్ ఇప్పుడే చూశానండీ." "ఈసారి కాదులెండి, మీరే ముందు మా ఇంటికి రావాలి." "ఆయన్ని అడిగి చెప్తానండీ." ఆయన ఆ పక్కనే కూర్చుని వద్దని తల ఊపుతున్నాడట. "అబ్బే, లావేం కాలేదు వదినా, చీర అలా ఉంది." పిల్లలు ఒక్కో మాటా అభినయంతో సహా చెబుతుంటే నా కళ్ళు తిరిగాయి. మన జాతికి ఇంత ప్రతిభ ఉండగా ఆ లండన్ మంత్రులు అన్నేసి గ్లాసుల మంచినీళ్ళు ఎందుకు తాగుతున్నారో అర్థం కాలేదు. వాళ్ళని మా వాళ్ళ దగ్గరికి ట్యూషన్‌కి పంపాలి.

కొందరు తల్లిదండ్రులు నాకు ఫోన్ చేశారు. "ఏంటండీ, మావాడు భోజనాల దగ్గర నన్ను నిలదీస్తున్నాడు? అడిగింది అది కాదండీ అంటాడు!" అని ఒకావిడ. ఏ భాషలో అంటున్నాడండీ అని అడిగాను. "తెలుగులోనే," అంది ఆవిడ, గొంతు తగ్గించి. మరుసటి వారం పక్కింటి పిల్లని కూడా క్లాసుకి పంపింది. ఖాళీ కుర్చీలు నిండాయి.

మనవరాలు మాత్రం మొండికేసింది. యాంకరమ్మగా దాన్ని మించినవాళ్ళు లేరు. ప్రశ్న అడిగి, చిరునవ్వు నవ్వి, కాగితాలు సర్దుకోవడం కూడా నేర్చింది. కానీ జవాబు కుర్చీలో మాత్రం కూర్చోదు. "నాట్ మై జాబ్," అంటుంది. సాయంత్రం ఫోన్లో ఆంటీ "తిన్నావటే?" అంటే పాత పాటే, "ఏట్ ఆల్రెడీ." ఆంటీ నాకేసి చూసి భుజాలు ఎగరేసేది. తొందర లేదన్నట్టు నవ్వేది గానీ, ఆ నవ్వు నాకు తెలుసు.

ఇలా ఉండగా మా సంఘంలోనూ ముసలం పుట్టింది.

కారణం ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఒకరోజు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో కార్యదర్శి గారు "వ్యక్తిగత కారణాల వల్ల" అని పెట్టి గ్రూపు వదిలేశారు. ఆయన వెనకే ఉపాధ్యక్షులు. మధ్యాహ్నానికి సాంస్కృతిక కార్యక్రమాల ఆవిడ చాలా బాధగా ఉందని రాసి, మూడు దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయింది. ఆంటీ ఫోన్ నాకు చూపించి, "లండన్ వోళ్ళ కాడ నేర్చుకున్నారేటి?" అంది. వెళ్ళినవాళ్ళలో కొందరు సాయంత్రానికే కరవోకే క్లబ్బు పెట్టుకున్నారు. వాళ్ళకి ఒక గది కావాలి. ఆదివారం సాయంత్రమే కావాలి. మా గదే కావాలి.

ఇవ్వాలా వద్దా అన్నది అధ్యక్షుల వారి చేతిలో ఉంది. ఆయన చాలా మంచివారు. పది ఇళ్ళలో ఎవరికి జ్వరమొచ్చినా రసం క్యారేజీ తీసుకుని ముందు ఆయనే వెళ్తారు. కానీ ఆయన నోట 'కాదు' అన్న మాట ఎవరూ వినలేదు, 'అవును' అన్న మాటా వినలేదు. నేను ఎప్పుడు అడిగినా, "చూద్దామమ్మా," అనేవారు. కరవోకే వాళ్ళు అడిగినా అదే. ఇద్దరమూ గది మాదేనని నమ్ముతూ తిరుగుతున్నాం.

ఆంటీ ఈ సంగతి విని మొదటిసారి దిగులు పడింది. గది పోతే క్లాసు పోతుంది. క్లాసు పోతే ఆ ఒక్క జవాబూ రాదు. "ఎంతవరకూ వొచ్చింది, గుమ్మం కాడికి," అని ఊరుకుంది.

సంఘం వార్షికోత్సవం వచ్చింది. హాలు నిండా జనం, వెనకాల భోజనాలు, పులిహోర వాసన. పిల్లల కార్యక్రమం మాదే. తెర మీద ఒక మంత్రి ఇంటర్వ్యూ మూగగా నడుస్తుంటుంది, మా పిల్లలు పక్కన నిలబడి దానికి తెలుగు మాటలు చెబుతారు. అందరూ రిహార్సల్స్‌లో అదరగొట్టారు. నేను కొత్త చీర కట్టుకుని, ల్యాప్‌టాప్ వైరు తెరకి కలిపాను. తెర నల్లగా ఉంది. వైరు తీసి మళ్ళీ పెట్టాను. నల్లగానే ఉంది. బ్యాటరీల మీద పరిశోధన చేసేదాన్ని, ఒక వైరు ముందు చెమటలు పట్టి నిలబడ్డాను. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. కరవోకే వాళ్ళలో ఒకాయన, "మా మైకు సిద్ధంగా ఉందండీ, ఈలోపు ఒక పాట..." అని లేవబోయాడు.

వేదిక మీద రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి యాంకరమ్మది, ఒకటి మంత్రి కోసం ఊరికే అలంకారానికి పెట్టింది. మా మనవరాలు ఆ కుర్చీని చూసింది. తర్వాత ముందు వరసలో కూర్చున్న అధ్యక్షుల వారిని చూసింది. మైకు తీసుకుంది. అంతకుముందు వ్యాఖ్యాత ఎలా అన్నాడో, ఆ బరువైన తెలుగు అంతా పొల్లుపోకుండా పట్టేసినట్టుంది.

"అధ్యక్షుల వారిని వేదికను అలంకరించవలసిందిగా కోరుచున్నాము."

మనవాళ్ళలో ఆ పిలుపు విని కూర్చుండిపోయిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆయన చేతులు జోడించి, చిరునవ్వుతో మెట్లెక్కి, మంత్రి కుర్చీలో కూర్చున్నారు. శాలువా కప్పుతారేమోనని కాస్త ముందుకి కూడా వంగారు. పిల్ల ఎదుటి కుర్చీలో కూర్చుని చేతిలో లేని కాగితాలు సర్దుకుంది. మూడో వరసలో ఆంటీ సీటు అంచుకి జరిగింది.

"నమస్కారం అంకుల్. తిన్నారా అండీ?"

"ఇంకా లేదమ్మా. మీ కార్యక్రమం చూసి తింటాను." జనం చప్పట్లు కొట్టారు.

"మా క్లాసు గది మాకు ఉంటుందా అండీ?"

ఆయన చిరునవ్వు కొంచెం కదిలింది. "మంచి ప్రశ్న అడిగావు తల్లీ. పిల్లలే మన భవిష్యత్తు. మన భాష మన అమ్మ. మీ అందరినీ ఇలా చూస్తుంటే నాకు..."

"అడిగింది అది కాదండీ!" అన్నారు పక్కన నిలబడిన పిల్లలందరూ, ఒక్క గొంతుతో.

హాలు గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. పిల్ల మాత్రం నవ్వలేదు. తల కొంచెం పక్కకి వంచి, అదే గొంతుతో మళ్ళీ అడిగింది. "గది ఉంటుందా అండీ?"

"అంటే, ఇప్పుడు... కమిటీ ఉంది కదమ్మా. కమిటీలో అందరి అభిప్రాయాలూ తీసుకుని, అన్ని కోణాల్లోంచీ..."

"అడిగింది అది కాదండీ!"

"చూద్దామమ్మా. చూస్తాం. తప్పకుండా చూస్తాం."

"చూశాక ఉంటుందా అండీ? ఉండదా అండీ?"

ఆయన మంచినీళ్ళ కోసం అటూ ఇటూ చూశారు. ఒక బుడ్డోడు పరిగెత్తుకెళ్ళి గ్లాసు తెచ్చిచ్చాడు. ఆయన నీళ్ళు తాగుతుంటే హాలంతా ఎదురుచూసింది. ముందు వరసలోంచి వాళ్ళావిడ లేచి నిలబడింది. "చెప్పేయండి! ఇంట్లోనూ ఇంతే. పెళ్ళయినప్పటి నుంచీ నేనూ అడుగుతూనే ఉన్నా, ఒక్కదానికీ సూటిగా చెప్పరు!" అంది. ఆ నవ్వులకి హాలు కప్పు లేచిపోతుందనుకున్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. పిల్లల్ని చూశారు, వెనకాల కరవోకే వాళ్ళని చూశారు. ఒక నిట్టూర్పు విడిచారు.

"ఉంటుంది," అన్నారు. "గది మీదే. కరవోకే వాళ్ళకి శనివారం ఇస్తాను."

ఆ చప్పట్లలో నా ఏడుపు ఎవరికీ కనపడలేదు. అయితే ఆయన కుర్చీ దిగలేదు. ఒక్క మాట సూటిగా చెప్పాక ఆయనకి కొత్త ధైర్యం వచ్చినట్టుంది. మైకు ఇమ్మని చెయ్యి చాపారు.

"ఇప్పుడు నేను అడుగుతాను. గది ఇచ్చాను. మీ అమ్మ తోస్తే వస్తున్నావని విన్నాను. అమ్మ తొయ్యకపోయినా వస్తావా?"

మైకు తిరిగి చేతికొచ్చేసరికి పిల్ల మొహం ఎర్రబడింది. జవాబు కుర్చీలో అది ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోకపోయినా ప్రశ్న వచ్చి పడింది. నోరు తెరిచింది. "వెల్, ఐ మీన్..." అంది.

"అడిగింది అది కాదండీ!" అన్నారు దాని సొంత సైన్యమే. మొదట అన్నది ముందు వరసలో కూర్చునే ఆ పిల్లవాడే.

అది వాళ్ళకేసి గుర్రుగా చూసింది. తర్వాత ఎందుకో మూడో వరసకేసి చూసింది. ఆంటీ నవ్వడం లేదు. చేతిలో టిష్యూ ప్యాకెట్ నలుపుతూ కూర్చుంది.

"వస్తాను," అంది పిల్ల. మైకులో అయినా చిన్నగానే వినపడింది. ఆ వెంటనే తేరుకుని, "కానీ టీవీ ఉండాలి," అని షరతు పెట్టింది.

తర్వాత అందరూ భోజనాలకి ఎగబడ్డారు. నేను వైర్లు చుట్టుకుంటున్నాను. జనం పిల్ల చుట్టూ మూగి, భుజం తట్టి, ఫోటోలు తీసుకుని, పెద్దయ్యాక లాయరువవుతావా అని అడుగుతున్నారు. అది అందరికీ ఇంగ్లీషులో థాంక్యూలు చెబుతోంది. ఆంటీ ఆ గుంపు పలచబడేదాకా ఒక పక్కన ఓపిగ్గా నిలబడింది. పెద్ద మాటలేవీ అనలేదు, మెచ్చుకోలేదు. రోజూ ఫోన్లో అడిగేదే అడిగింది.

"తిన్నావటే?"

నేను వైరు చుట్టడం ఆపేశాను. 'ఆల్రెడీ' వస్తుందనుకున్నాను. పిల్ల చేతులు రెండూ చాపింది, అచ్చం మంత్రిలా.

"మంచి ప్రశ్న అడిగారు నాయనమ్మా. అన్నం అంటే నాకు ప్రాణం. మాది అన్నం కుటుంబం..."

ఆంటీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోరు మాత్రం నవ్వుతోంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, వేలు చూపించి గద్దించింది. "అడిగిందేటి, నువ్వు సెప్పిందేటి?"

పిల్ల చేతులు దించింది. పొద్దుటి నుంచీ ఆ కార్యక్రమం భయంతో అది ఏమీ తినలేదని మాకెవరికీ తెలీదు.

"లేదు నాయనమ్మా," అంది. "ఆకలేస్తోంది."